రంగు వేయుట – లెక్క నేర్చుట

పిల్లవాడు ఒకటి మొదలు ఇరువది వరకు గడగడ అప్పగించినంత మాత్రమున వానికి లెక్కించుట వచ్చినదని తలంచరాదు. ఎదుట ఏడు చింతగింజలు పోసి ఎన్ని యున్నవో చెప్పుమన్నచో, ఒక గింజను రెండుసార్లు ముట్టును. మరియొక దానిని దాటిపోవును. తుదకు నోటికి వచ్చిన అంకెనే జవాబుగా చెప్పును. వల్లించుట వేరు, లెక్కించుట వేరు. ఈ రెంటికి నడుమనున్న దూరమును దాటించుటలో రంగు పెన్సిలు చేయు సాయము చిన్నది కాదు.

కాగితముపై ఐదు మామిడికాయలు గీసి, ప్రక్కన 3 అను అంకె వేసి, అన్ని కాయలకే రంగు వేయుమని చెప్పిన శిశువు ఏమి చేయవలెను? అంకెను గుర్తింపవలెను, ఒక్కొక్క కాయకు ఒక్కొక్క సంఖ్యను జతపరుపవలెను, మూడు కాగానే చేయి నిలుపవలెను. నిలుపుటయే అన్నింటికన్న కష్టము. రంగు పడినది లెక్కకు వచ్చినది, పడనిది మిగిలినది. కనుక ఒకదానినే రెండుసార్లు లెక్కించు పొరపాటు తనంత తానే తగ్గును.

1978లో గెల్మన్, గాలిస్టెల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు లెక్కించుటకు మూలమైన నియమములను వివరించిరి. వస్తువున కొక సంఖ్య, సంఖ్యల క్రమము మారకుండుట, తుది సంఖ్యయే మొత్తమగుట వానిలో ముఖ్యములు. రంగు వేయుట ముగిసిన పిదప “ఎన్నింటికి వేసితివి?” అని యడిగినచో, శిశువు మరల ఒకటి నుండి మొదలుపెట్టిన, తుది సంఖ్యయే మొత్తమని వానికి ఇంకను స్థిరపడలేదన్నమాట. అది గద్దింపవలసిన తప్పు కాదు. గురువునకు దొరకిన ఆనవాలు.

వరుసను ఎడముగా పేర్చిన వస్తువులు ఎక్కువైనవని చిన్న పిల్లలు భ్రమింతురని పియాజే 1941 నాటి గ్రంథమున నిరూపించెను. కావున ఐదు చిలుకలను ఒకమారు వరుసగను, ఒకమారు గుంపుగను, ఒకమారు వలయముగను గీసి రంగు వేయించుట మేలు.

అయితే అంగళ్లలో దొరకు రంగుల పుస్తకములన్నియు లెక్క నేర్పునవి కావు. 1 అన్నచోట ఎరుపు, 2 అన్నచోట ఆకుపచ్చ వేయుమను పుటలలో అంకె రంగునకు మారుపేరు మాత్రమే. అంకె ఆకారము గుర్తించుటకు అవి పనికివచ్చును. రెండుకన్న మూడు అధికమని మాత్రము అవి తెలుపవు. కొందరు పిల్లలు, ముఖ్యముగా మగపిల్లలు, పుట్టుకతోనే ఎరుపు ఆకుపచ్చల భేదమును గుర్తింపజాలరు. వారు పొరబడినది లెక్కలోనా, రంగులోనా అని ఉపాధ్యాయుడు విచారింపవలెను.

హైదరాబాదు తూర్పు భాగమందలి సైదాబాదు వంటి పేటలలో ఈ పద్ధతికి మరియొక ప్రయోజనము కలదు. అచట ఇంటిలో తెలుగు, ఇరుగుపొరుగున ఉర్దూ, బడిలో ఇంగ్లీషు వినబడును. తెలుగున ‘ఇరువది తొమ్మిది’ యన్నచో ఇరువదియు తొమ్మిదియు స్పష్టముగా కనబడును. ఉర్దూలోని ‘ఉన్‌తీస్’ ముప్పదికి ఒకటి తక్కువయను భావముపై ఏర్పడినది. ఇంగ్లీషు ‘ట్వెల్వ్’లో పదియు రెండును పైకి కనబడవు. ఇన్ని దారుల నడుమ శిశువు తికమక పడుట సహజము. కాని నాలుగన్నను, చార్ అన్నను, ఫోర్ అన్నను రంగు పడిన చిలుకలు నాలుగే. ఎవరి ఇంటి మాటతో వారు లెక్కించి అందరును ఒకే అంకెవద్ద కలిసికొనవచ్చును.

దీనికి ధనవ్యయము అక్కరలేదు. తెలుగు వాకిళ్లలో ఈ విద్య మునుపే కలదు. ‘సందు చుక్క, ఏడు నుండి నాలుగు వరకు’ అని ముగ్గు పెట్టు ఇల్లాలు నడుమ ఏడు, ఇరుప్రక్కల ఆరు, ఐదు, నాలుగు చొప్పున మొత్తము 37 చుక్కలు తప్పకుండ పెట్టును. చుక్క తప్పిన ముగ్గు కుదరదు. పసివారికి మూడేసి చుక్కలు మూడు వరుసలు చాలును. ఒక్కొక్క చుక్కపై రంగుపొడి వేయుచు లెక్కించిన, తొమ్మిది యనగానేమో వ్రేళ్లకే తెలియును.

మూడవ తరగతి ముగియునాటికి ప్రతి శిశువునకు చదువు, లెక్కల పునాది గట్టిపడవలెనని కేంద్రప్రభుత్వము 2021 జూలైలో నిపుణ్ భారత్ కార్యక్రమమును ఆరంభించెను. పునాదియందే లెక్క తెలియని శిశువు కూడికలో వెనుకబడును, ఎక్కములలో భయపడును, తుదకు గణితమే తన వలన కాదని నిశ్చయించుకొనును. ఆ భయము నాటుకొనకముందే అడ్డుకొనవలెను. కావున గీత దాటిన రంగును చూచి ఉపాధ్యాయుడు విసుగుకొనరాదు. రంగు ఎంత చక్కగా వేసెనని కాక, ఎన్నింటికి వేసెనని చూడవలెను.