అందమైన గవ్వ, ప్రాణం తీసే నత్త

నేను మారిషస్‌లో ఐటీ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. ఈ రోజు నా ఉద్యోగంతో ఏ సంబంధమూ లేని ఒక నత్త గురించి చెబుతాను.

ఓ ఆదివారం ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ బీచికి వెళ్లాం. నీళ్లు వెనక్కి తీసిన వేళ. మా ఆరేళ్ల పాప "నాన్నా, ఎంత బాగుందో చూడు!" అంటూ అరచెయ్యంత గవ్వ కోసం వంగింది. దాని మీద గోధుమరంగు మచ్చలు, ఎవరో దేశపటం గీసినట్టు. పక్కనే వల సర్దుకుంటున్న పెద్దాయన గట్టిగా కేకవేశాడు. పాప ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్లని భయపెట్టాడని ముందు నాకు కోపమొచ్చింది. ఇంటికొచ్చి చదివాక ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఆ నత్త పేరు జియోగ్రఫీ కోన్. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడపు దిబ్బల్లో ఉంటుంది. 10 నుంచి 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నత్తనడక అని మనం వెక్కిరిస్తామే, మరి ఇది చురుకైన చేపల్ని ఎలా తింటుంది?

దీని విషంలో చేపల ఇన్సులిన్‌ని పోలిన పదార్థం ఉందని 2015లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. దాన్ని నీళ్లలోకి వదిలి చేపల్ని మందగింపజేస్తుందని వాళ్ల అభిప్రాయం. మన ఇళ్లలో షుగరున్న పెద్దవాళ్లు లో షుగర్ వస్తే తూలిపోతారు కదా, అలాగన్నమాట. అప్పుడు నోటిని వలలా చాపి చేపను లోపలికి లాక్కుంటుంది. బాణంలాంటి బోలు పంటితో పొడిచి విషం ఎక్కిస్తుంది.

మనిషికి ఆ పోటు మొదట అంతగా నొప్పి అనిపించకపోవచ్చు. తర్వాత తిమ్మిరి, చూపు మసక, చివరికి ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. 1935లో ఆస్ట్రేలియాలోని హేమన్ దీవిలో దీన్ని చేత్తో పట్టుకున్న ఒక యువకుడు కొన్ని గంటల్లోనే చనిపోయాడు. దీనికి విరుగుడు మందు లేదు. కుట్టిన చోట కోయకండి, నోటితో పీల్చకండి. ఆ చెయ్యో కాలో కదలకుండా కట్టుకట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. విషం ప్రభావం తగ్గేదాకా అక్కడ శ్వాస అందిస్తే మనిషి బతికే అవకాశం ఉంది.

ఇంకో విశేషం. దీని బంధువైన కోనస్ మాగస్ విషం ఆధారంగా జికొనొటైడ్ అనే నొప్పి మందు తయారైంది. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. వేరే మందులకు లొంగని తీవ్రమైన నొప్పికి దాన్ని వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తారు.

ఇప్పుడు మా ఇంట్లో ఒకటే మాట: గవ్వ ఖాళీగా కనిపించినా లోపల నత్త ఉండొచ్చు, కాబట్టి ఫొటో తీసుకో, ముట్టుకోకు. మీ పిల్లలకీ చెబుతారు కదూ? ఉంటాను.