ఆపి ఉంచిన కారులో బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?

నాలుగు రోజులు కదపని పాత కారు. తాళం తిప్పితే ‘టిక్ టిక్’ మని ఊరుకుంది. ఎందుకు?

ఇంజిన్ ఆపినా గడియారం, అలారం లాంటివి కొద్దిగా కరెంటు వాడుకుంటూనే ఉంటాయి. మామూలుగా అది 50 మిల్లీఆంపియర్ల లోపే. కానీ డిక్కీ మూసినా లోపలి 5 వాట్ల బల్బు ఆరకపోతే? 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 400 మిల్లీఆంపియర్లు లాగేస్తుంది. 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ!

మరి దొంగను పట్టేదెలా?

మెకానిక్ అన్నీ ఆపి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, వైరుకూ బ్యాటరీకీ మధ్య అమ్మీటరు కలుపుతారు. కాసేపు ఆగి ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తారు. ఏ ఫ్యూజు తీయగానే మీటరులో అంకె ఒక్కసారిగా పడిపోతుందో, కరెంటు పోతున్నది ఆ దారిలోనే!

జాగ్రత్త: మీటరు కలిపి ఉండగా కారు స్టార్ట్ చేయకూడదు.