చిన్న బండి, పెద్ద కనుమ: అపోహలు – వాస్తవాలు

జూన్ వస్తోందంటే చాలు, హైదరాబాద్, విజయవాడ, విశాఖ బైకర్ల వాట్సాప్ గ్రూపుల్లో లద్దాఖ్ చర్చ మొదలవుతుంది. బండిని రైల్లో పార్సిల్ వేసి ఢిల్లీలో దింపుకునేవాళ్లు కొందరు, ఇక్కడి నుంచే తోలుకుంటూ పోయేవాళ్లు కొందరు. ఒకప్పుడు ఈ ప్రయాణానికి బుల్లెట్ తప్ప మరో బండి తగదనుకునేవారు. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక తారు రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే తేలికపాటి డ్యూయల్ స్పోర్ట్ బండి మధ్యతరగతి కుర్రాళ్లకూ అందింది. దాంతోపాటు సలహాలూ పెరిగాయి. వాటిలో కొన్ని పనికొస్తాయి, కొన్ని ఖర్చు పెంచుతాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గితే ఇంజన్‌కూ మనిషికీ ఏమవుతుందో తెలియకపోవడమే ఈ పొరపాట్లలో చాలావాటికి మూలం.

అపోహ: 200 సీసీ బండి లేహ్ దగ్గరి ఖర్దుంగ్ లా కనుమ ఎక్కలేదు. కనీసం 350 ఉండాల్సిందే.

వాస్తవం: ఖర్దుంగ్ లా దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త పైన ఉంటుంది. టర్బో లేని ఏ ఇంజనైనా అక్కడ తన శక్తిలో దాదాపు సగం పోగొట్టుకుంటుంది. ఈ నష్టం చిన్న ఇంజన్‌కు ఎక్కువ, పెద్ద ఇంజన్‌కు తక్కువ అని ఉండదు. అన్నిటికీ అదే శాతం. ఎక్స్‌పల్స్‌కున్న 19 హార్స్‌పవర్ పదికి పడిపోతే, పెద్ద ఇంజన్‌తో వచ్చే పాత హిమాలయన్ 411 బండికున్న 24 పన్నెండు, పదమూడుకు పడిపోతుంది.

ఆ మిగిలిన పది సరిపోతుందా? లెక్క వేసి చూద్దాం. బండి 160 కిలోలు, మనిషీ సామానూ కలిపి 90 కిలోలు, మొత్తం 250. ప్రతి వంద మీటర్లకూ ఏడు మీటర్లు లేచే ఎక్కుడు మీద, గులకరాళ్ల దారిలో, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి చక్రం దగ్గర కావాల్సింది సుమారు మూడు హార్స్‌పవర్. అంటే పది ఉంటే చాలినంత ఉన్నట్టే. అయితే ఈ పది ఇంజన్ బాగా తిరుగుతున్నప్పుడే దొరుకుతుంది. కాబట్టి మలుపు రాకముందే గేరు దించాలి, ఇంజన్‌ను తిరగనివ్వాలి. మూడో గేరులో మూలుగుతున్న బండిని సగం క్లచ్ పట్టి లాగించాలని చూస్తే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. కొండ మీద ఆగిపోయిన బళ్లను చూసి ‘సీసీ చాల్లేదు’ అనేస్తారు గానీ, చాలాసార్లు చాలనిది గేరు మార్చే ఓపికే.

పెద్ద బండికి మేలు లేదని కాదు. హిమాలయన్ 450కున్న 40 హార్స్‌పవర్ సగమైనా ఇరవై మిగులుతుంది. వెనక మనిషిని ఎక్కించుకుని, రెండు వైపులా పెట్టెలు కట్టుకుని వెళ్లేవారికి అది అక్కరకొస్తుంది. 200 సీసీ బండి మీద ఇద్దరు, పైగా 40 కిలోల సామాను అంటే మాత్రం ఎక్కడమూ కష్టమే, బ్రేకు పడటమూ కష్టమే. ఒంటరిగా, తక్కువ సామానుతో వెళ్లేవారికి చిన్న బండే హాయి. బురదలో పడితే రెండొందల కిలోల బండిని ఆ ఎత్తులో లేపడం ఎంత ఆయాసమో లేపినవాళ్లకే తెలుసు.

అపోహ: అరకు, లంబసింగి ఘాట్లు ఎక్కిన బండి ఎక్కడికైనా వెళ్తుంది.

వాస్తవం: మలుపులు తిప్పడం, గేర్లు మార్చడం నేర్చుకోవడానికి అవి మంచి బడి. ఎత్తు విషయంలో మాత్రం ఏమీ నేర్పవు. అవి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటాయి, అక్కడ ఇంజన్ కోల్పోయేది పదో వంతు. మనాలి–లేహ్ దారిలోని లాచుంగ్ లా, టాంగ్‌లాంగ్ లా అయిదు వేల మీటర్లు దాటుతాయి.

అపోహ: ఫ్యూయల్ ఇంజెక్షన్ (ఎఫ్ఐ) బండికి ఎత్తుతో సంబంధం లేదు.

వాస్తవం: కార్బురేటర్‌లో జెట్ కొలత మారదు. గాలి పలచబడినా పెట్రోల్ దాదాపు అంతే వస్తుంది. మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువై ప్లగ్గుకు మసి పడుతుంది, బండి దగ్గుతుంది, పొగ నల్లగా వస్తుంది. ఎఫ్ఐ బండిలో గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఆ సంగతి పసిగట్టి పెట్రోల్ తగ్గిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఎఫ్ఐవే కాబట్టి ఈ దగ్గు బాధ చాలావరకు తీరింది. కానీ పెట్రోల్ సరిగ్గా కొలిచి పోసినంత మాత్రాన లేని ఆక్సిజన్ పుట్టుకురాదు. శక్తి తగ్గడం ఎఫ్ఐకీ తప్పదు.

అపోహ: ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే బండికి ఊపిరాడుతుంది. ప్రీమియం పెట్రోల్ పోస్తే పికప్ తిరిగొస్తుంది.

వాస్తవం: రెండూ దండగే. మొదటిదైతే హాని కూడా. మనాలి–లేహ్ దారిలో పాంగ్ దాటాక వచ్చే మోరే మైదానాల్లాంటి చోట్ల లేచే సన్నటి దుమ్ము ఫిల్టర్ లేని ఇంజన్‌లోకి పోయి పిస్టన్ రింగుల్నీ సిలిండర్ గోడల్నీ గీరేస్తుంది. ఫిల్టర్‌ను శుభ్రం చేయించండి, వీలైతే కొత్తది ఒకటి సంచిలో పెట్టుకోండి. ఇక ప్రీమియం పెట్రోల్ సంగతి. ఆక్టేన్ ఎక్కువుంటే ఇంజన్‌లో నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలి టకటకమనడం, తగ్గుతుంది, అంతే. ఎత్తులో సిలిండర్‌లోని ఒత్తిడే తక్కువ కాబట్టి నాకింగ్ భయమూ తక్కువే. అమెరికాలోని కొన్ని కొండ రాష్ట్రాల బంకుల్లో ఇందుకే 85 ఆక్టేన్ పెట్రోల్‌ను మామూలు రకంగా అమ్ముతుంటారు.

అపోహ: పైకి వెళ్తే టైర్లు పేలిపోతాయి. ముందే గాలి సగం తీసేయాలి.

వాస్తవం: బయటి ఒత్తిడి తగ్గినకొద్దీ టైరు గేజి రీడింగు పెరిగే మాట నిజం. ఎంత పెరుగుతుందన్నదే ప్రశ్న. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ 28 పీఎస్ఐ పెట్టుకుని బయల్దేరితే, వేడిలో మార్పు లేదనుకుంటే, 5,300 మీటర్ల కనుమ మీద అది 32 దాకా చేరుతుంది. కానీ పైన చలి. ఇరవై డిగ్రీలు తగ్గితే అందులో రెండున్నర, మూడు పీఎస్ఐ మళ్లీ దిగిపోతుంది. చివరికి మిగిలే తేడా ఒకటి రెండు పీఎస్ఐ. దానికి ఏ టైరూ పేలదు. సగం గాలి తీసేసి రాళ్ల దారిలో వెళ్తే మాత్రం రిమ్ము వంగుతుంది, ట్యూబు నలిగి పంక్చరవుతుంది. చిన్న గేజి, చేతిపంపు దగ్గరుంచుకుని పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకుంటే చాలు.

అపోహ: దిగేటప్పుడు ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో వదిలితే పెట్రోల్ మిగులుతుంది.

వాస్తవం: మన ఘాట్ రోడ్ల మీద కూడా కనిపించే ప్రమాదకరమైన అలవాటు ఇది. ఖర్దుంగ్ లా నుంచి లేహ్‌కు సుమారు 40 కిలోమీటర్లలో 1,850 మీటర్లు దిగుతాం. బండి బరువంతా బ్రేకుల మీదే పడితే డిస్కులు కాగిపోతాయి, బ్రేకు ద్రవం మరిగితే లీవరు మెత్తగా లోపలికి పోతుంది తప్ప బండి ఆగదు. ఏ గేరులో ఎక్కుతామో దాదాపు అదే గేరులో దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇంకో సంగతి: చాలా ఎఫ్ఐ బళ్లలో, గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మడం ఆపేస్తుంది. ఇంజన్ నడుస్తూ న్యూట్రల్‌లో దిగే బండే పెట్రోల్ తాగుతూ ఉంటుంది.

పెట్రోల్ బెంగ అర్థం చేసుకోదగ్గదే. మనాలి–లేహ్ దారిలోని టాండి బంకు దగ్గర ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అనే బోర్డు ఫొటో చూడని బైకరు ఉండడు. 13 లీటర్ల ట్యాంకున్న బండి లీటరుకు 35 ఇచ్చినా 450 కిలోమీటర్లు వస్తుంది. అక్కడ ట్యాంకు నింపుకుని, రెండు మూడు లీటర్లు గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో అదనంగా పెట్టుకుంటే సరిపోతుంది. నీళ్ల సీసాల్లో మాత్రం పోయకండి. ఎత్తులో అవి ఉబ్బుతాయి, కారతాయి.

అపోహ: అక్కడ చెట్లు లేవు కాబట్టి ఆక్సిజన్ లేదు.

వాస్తవం: గాలిలో ఆక్సిజన్ వాటా విశాఖ బీచిలోనూ ఖర్దుంగ్ లాలోనూ ఒకటే, సుమారు 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. ఒక్కో ఊపిరికి లోపలికి వెళ్లే ఆక్సిజన్ లేహ్‌లో సముద్రమట్టంలో దొరికేదానిలో మూడింట రెండొంతులు, కనుమ మీద సగం. పచ్చని చెట్లున్న ఊళ్లో బస చేసినా, 3,500 మీటర్ల ఎత్తు 3,500 మీటర్ల ఎత్తే.

అపోహ: రోజూ జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లకు ఎత్తు జబ్బు రాదు.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. కండబలం ఎత్తు జబ్బు నుంచి కాపాడదు. పైగా బలం ఉందన్న ధీమాతో కుర్రాళ్లు తొందరగా ఎక్కేస్తారు. ఎత్తు జబ్బుకు మొదటి కారణం ఆ తొందరే. ఒంట్లో మార్పులు జరగడానికి రోజులు పడతాయి. ఊపిరి లోతు పెరగాలి, మూత్రపిండాలు రక్తంలోని ఆమ్ల క్షార సమతూకాన్ని సరిచేయాలి. వీటిని తొందరపెట్టడం ఎవరి చేతిలోనూ లేదు.

మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎత్తు ఎక్కినా రాత్రి కిందికి దిగి పడుకోవడం మేలు. మనాలి నుంచి ఒక్కరోజులో 4,290 మీటర్ల సర్చుకు చేరి డేరాలో పడుకునేవాళ్లు ఆ రాత్రి తలనొప్పి, వాంతులతో అవస్థ పడేది ఇందుకే. 9 కిలోమీటర్ల అటల్ సొరంగం 2020లో తెరిచాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కే శ్రమ తప్పింది, కానీ పైకి చేరే వేగమూ పెరిగింది. మొదటి రాత్రి 3,200 మీటర్ల జిస్పాలో ఆగితే ఒంటికి కాస్త వ్యవధి దొరుకుతుంది. శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్లే దారి ఇంకా మెల్లగా ఎక్కుతుంది, మొదటిసారి వెళ్లేవారికి అదే నయం. విమానంలో నేరుగా లేహ్‌లో దిగి బండి అద్దెకు తీసుకునేవారు మొదటి రెండు రోజులు దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

తలనొప్పి, వికారం, నీరసం కనిపిస్తే అక్కడే ఆగాలి. తగ్గేదాకా పైకి వెళ్లొద్దు. తాగినవాడిలా తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చుని ఉన్నా ఆయాసం వస్తున్నా, దగ్గుతో నురగ పడుతున్నా అవి మెదడు వాపుకో, ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికో గుర్తులు. తెల్లవారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే కిందికి దించాలి. అలాంటి మనిషి చేతికి హ్యాండిల్ ఇవ్వకూడదు, ఏదో ఒక కారెక్కించాలి. ఎసిటజోలమైడ్ మాత్రలు ముందు జాగ్రత్తగా పనిచేస్తాయి గానీ సల్ఫా మందులు పడనివారి లాంటి కొందరికి సరిపడకపోవచ్చు. బయల్దేరకముందే డాక్టరును అడిగి తీసుకోవాలి.

అపోహ: కర్పూరం వాసన చూస్తే, ఆక్సిజన్ డబ్బా పీలిస్తే, రాత్రి రమ్ము వేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: అమర్‌నాథ్, కైలాస యాత్రికుల దగ్గర్నుంచి బైకర్ల దాకా పాకిన చిట్కా కర్పూరం. అది ముక్కులో చల్లదనం పుట్టించి ఊపిరి బాగా ఆడుతున్న భ్రమ కలిగిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ మాత్రం పెరగదు. పొరపాటున మింగితే విషం. చిన్న ఆక్సిజన్ డబ్బాలో కొన్ని లీటర్లే ఉంటాయి, ఆ ఊరట నిమిషాలతో సరి. అది దగ్గరుందన్న ధైర్యంతో దిగడం ఆలస్యం చేస్తేనే ముప్పు. రమ్ము చర్మం కింది రక్తనాళాల్ని వెడల్పు చేసి వెచ్చగా అనిపించేలా చేస్తుంది, ఒంట్లో వేడి మాత్రం బయటికి పోతుంది. నిద్రలో ఊపిరినీ మందగింపజేస్తుంది. ఆ ఎత్తులో అది వద్దే వద్దు.

అపోహ: కనుమ శిఖరం దాటితే గండం గడిచినట్టే.

వాస్తవం: శిఖరం దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. బళ్లు ఎక్కువగా పడేది రోడ్డుకు అడ్డంగా పారే నాలాల దగ్గర. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి, పొద్దున చీలమండ దాకా ఉన్న నీరు మధ్యాహ్నానికి మోకాలు దాటుతుంది. నాలాలున్న దారిని ఉదయమే దాటేయాలి. లోతు తెలియకపోతే ముందు వెళ్లే బండి జాడ చూడాలి, మొదటి గేరులో ఒకే వేగంతో, మధ్యలో క్లచ్ పట్టకుండా వెళ్లాలి. మరీ తెల్లవారుజామున బయల్దేరినా ఇబ్బందే. రాత్రి గడ్డకట్టిన నీరు తారు మీద కనిపించని మంచుపొరై టైరును జారుస్తుంది. మనాలి–లేహ్ దారిలోని గాటా లూప్స్ 21 మలుపుల్లాంటి చోట్ల పైకి వచ్చే బండికి దిగేవాళ్లే దారివ్వాలన్నది చట్టం కూడా.

అపోహ: ఖర్దుంగ్ లా ప్రపంచంలోకెల్లా ఎత్తైన మోటారు రోడ్డు.

వాస్తవం: చాలాకాలంగా ఫొటోల్లో కనిపించిన బోర్డు మీద 18,380 అడుగులని ఉండేది. సరిగా కొలిస్తే అది 5,359 మీటర్లు, అంటే సుమారు 17,580 అడుగులు. 5,798 మీటర్ల ఉమ్లింగ్ లా రోడ్డుకు 2021లో గిన్నిస్ గుర్తింపు వచ్చింది. 2025లో సరిహద్దు రహదారుల సంస్థ అంతకంటే ఎత్తైన మిగ్ లాకు రోడ్డు వేసింది. బోర్డు దగ్గర ఫొటో కోసం వరుసలో అరగంట నిలబడటం కంటే, పది నిమిషాల్లో దిగడం మొదలుపెట్టడమే ఒంటికి మంచిది.

ఈ ఏడాది బయల్దేరాలనుకుంటున్నవారికి ఒక మాట. బండి మార్చడానికి దాచిన డబ్బు ఉంటే దానిలో కొంత మంచి టైర్లకూ బ్రేకులకూ చేతి తొడుగులకూ పెట్టండి. మిగిలిన దానితో మరో మూడు రోజుల సెలవుకు ఏర్పాటు చేసుకోండి. పైన గాలిని పెంచలేం, ప్రయాణానికిచ్చే సమయాన్ని పెంచగలం. రెండొందల సీసీ బండికైనా, దాని మీద కూర్చున్న మనిషికైనా ఆ కనుమలు దాటడానికి అన్నిటికంటే అవసరమైనది అదే.