శని చుట్టూ చందమామలు.. అక్కడా నీళ్ల ముచ్చటే!

పావగడ: శనివారం వచ్చిందంటే పావగడ బస్టాండు కిటకిటే. ఇటు మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు నుంచి, అటు తుమకూరు, బెంగళూరు నుంచి భక్తులు శని మహాత్మ ఆలయానికి బారులు తీరుతారు. నువ్వులనూనె దీపాలు, ప్రదక్షిణలు.. శ్రావణ శనివారాల్లోనైతే కాలు మోపే సందుండదు. చాలామందిది ఒకటే బాధ, ఏలినాటి శని.

ఈ ఏడున్నరేళ్ల లెక్క ఆకాశంలో నడక నుంచి వచ్చిందే. శని సూర్యుణ్ని ఒకసారి చుట్టి రావడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. పన్నెండు రాశులకు పంచితే రాశికి దాదాపు రెండున్నరేళ్లు. జన్మరాశి, దానికి ముందొకటి, వెనకొకటి.. మూడు కలిపితే ఏడున్నర. అంత నిదానం కాబట్టే శనైశ్చరుడు, అంటే మెల్లగా నడిచేవాడు అని పేరు.

గుడిలో మనం ఆయన చుట్టూ తిరుగుతాం. పైన కూడా ఆయన చుట్టూ తిరిగేవాళ్లకు కొదవ లేదు. 2025 మార్చిలో ఒక్కసారే 128 కొత్త ఉపగ్రహాలకు గుర్తింపు దక్కడంతో శని చందమామల లెక్క 274కు చేరింది. అప్పటికి గురువుకు వంద కూడా లేవు. కుజుడికి రెండే, అవీ చిన్నవి. బుధుడు, శుక్రుడు ఏకాకులు. మనకున్నది ఒక్క చంద్రుడు. ఇక రాహుకేతువులంటారా.. అవి గోళాలే కావు, చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు.

శని సంతానంలో పెద్దది టైటాన్. 1655లో హైగెన్స్ కనిపెట్టిన ఇది బుధగ్రహం కన్నా పెద్దది. అయితే శాస్త్రవేత్తల మనసు దోచుకున్నది మాత్రం బుల్లి ఎన్‌సెలాడస్. అడ్డంగా కొలిస్తే 500 కిలోమీటర్లు, అంటే తిన్నగా గీత గీస్తే హైదరాబాద్ నుంచి బెంగళూరు వరకన్నమాట. మనిషి పంపిన కసీని నౌక 2004లో శనికి కృత్రిమ ఉపగ్రహంగా మారింది. మరుసటి ఏడాదే ఎన్‌సెలాడస్ దక్షిణ ధ్రువం దగ్గర మంచు పగుళ్ల నుంచి నీటి ఆవిరి, మంచు తునకలు ఎగజిమ్ముతున్నట్టు బయటపెట్టింది. ఆ జల్లులోంచే దూసుకెళ్లి అందులో ఏమున్నదో పరీక్షించింది. ఉప్పు తగిలింది! మంచు పెంకు కింద సముద్రం ఉందని అలా తేలింది. ఇంధనం అయిపోవస్తుంటే, భూమి సూక్ష్మజీవులు పొరపాటున ఆ నీళ్లలో పడకూడదని 2017 సెప్టెంబరు 15న కసీనిని శనిలోకే దించేశారు.

నీళ్ల మాట పావగడ వాళ్లకు ఊరికే చెవినపడి పోయేది కాదు. ఆలయ కథ కూడా కరువుతోనే మొదలవుతుంది. వానల్లేక అల్లాడుతున్న కాలంలో శీతలాంబను ప్రతిష్ఠించి కొలిస్తే వర్షం పడిందని పెద్దలు చెబుతారు. ఏళ్ల తరబడి ఇక్కడ బోరు తవ్వితే నీళ్లు పడతాయా అన్నది మొదటి దిగులు, పడ్డా ఫ్లోరైడ్ అన్నది రెండోది. వేరుశనగ మీద నమ్మకం సడలిన రైతులు తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో పదమూడు వేల ఎకరాల్ని సోలార్ పార్కుకు కౌలుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏటా 21 వేల రూపాయలు. భూమి ఉన్నవాళ్లకు కౌలు సరే, కూలికెళ్లి బతికినవాళ్ల చేతికి ఆ డబ్బు ఎట్లా వస్తుంది?

ఆ పలకల మైదానం ఆకాశంలోంచి కూడా స్పష్టంగా అగుపిస్తుంది. 705 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఒక్కొక్కటీ 16 రోజులకోసారి పావగడ మీదుగా వెళ్తుంది. చెరువు నిండిందా, ఎండిందా అన్నది దాని ఫొటోల్లో తెలిసిపోతుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలియాలంటే మాత్రం సీసాలో పట్టి పరీక్షకు పంపాల్సిందే.