ప్రకాశం పంతులుగారి పదవులు, పనులు

సీతానగరము కొండకును విజయవాడ ఇంద్రకీలాద్రికిని నడుమ కృష్ణపై నిలిచిన బ్యారేజి మంగళగిరి ప్రాంతపు రైతులకు చిరపరిచితము. దుగ్గిరాల, తెనాలి వైపులకు నీరు గొనిపోవు పడమటి డెల్టా కాలువ అచ్చటనే బయలుదేరుచున్నది. ఆ బ్యారేజికి పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు రెండు పర్యాయములు ప్రభుత్వమునకు నాయకత్వము వహించిరి. ఆ రెండును గూర్చినను ఇంచుమించు రెండేండ్లే. ఇంత స్వల్పకాలములో రైతునకు ఒనగూడినదేమో విచారింపదగియున్నది.

1872లో వినోదరాయునిపాలెమున జన్మించిన పంతులుగారు పేదరికమున పెరిగి బారిష్టరైరి. సహాయనిరాకరణోద్యమమున వృత్తిని వదలుకొనిరి. 1928లో సైమను కమిషను రాకనాడు మదరాసులో పోలీసు తుపాకులకు ఎదురు నిలిచి ఆంధ్రకేసరియైరి.

1937లో రాజాజీ మంత్రివర్గమున రెవిన్యూ మంత్రియై, జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షత వహించిరి. భూమికి హక్కుదారు రైతేయనియు, జమీందారు శిస్తు వసూలుచేయువాడు మాత్రమేయనియు, 1802 నాటి శాశ్వత బందోబస్తునకు పూర్వపు శిస్తుకు మించి వసూలుచేయరాదనియు ఆ సంఘము నివేదించెను. 1939లో మంత్రివర్గము రాజీనామా యిచ్చుటచే అది చట్టము కాలేదు. జమీందారీల రద్దు చట్టము 1948లో వచ్చెను. నారు పోసినవారు పదవిలో లేనినాడు పైరు చేతికివచ్చెను.

1946 ఏప్రిల్‌లో మదరాసు రాష్ట్ర ప్రధానియై ఫిర్కాభివృద్ధి పథకమును, ఉత్పత్తిదారులకును వినియోగదారులకును కలిపి సహకారసంఘములను ప్రారంభించిరి. ఖద్దరును పోషింపనెంచి క్రొత్త బట్టలమిల్లులను నిరాకరించిరి. ఈ విధానమునకు విమర్శ తీవ్రముగా వచ్చెను. మిల్లునూలుపై ఆధారపడిన మగ్గములకు నూలెట్లు దొరకునను ప్రశ్న మంగళగిరివంటి నేతపట్టణములకు చిన్నది కాదు. 1947 మార్చిలో స్వపక్షమువారే వారిని పదవినుండి తొలగించిరి.

1855లో పూర్తియైన పాత ఆనకట్ట 1952 వరదలో కొంత కొట్టుకొనిపోయి డెల్టాకు ఆపద తెచ్చెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన పంతులుగారు మరుసటి యేడే బ్యారేజి నిర్మాణమునకు పూనుకొనిరి. ఆ యేడే నవంబరులో, మద్యనిషేధ వివాదమున, ఒక్క ఓటు తేడాతో వారి ప్రభుత్వము పడిపోయెను. 1957 మే 20న వారు కీర్తిశేషులైరి. బ్యారేజి ఆ సంవత్సరాంతమున పూర్తియై, 12 లక్షల ఎకరములకు పైగా ఆధారమైనది.

మన సంఘములలోను పాలకవర్గములు మారుచుండును. దిగిపోవువారు మొదలిడిన పనిని, గిడ్డంగియే కానిండు, కాలువ మరమ్మతే కానిండు, వచ్చువారు వెంటనే అందుకొనునట్లు లెక్కలును తీర్మానములును చక్కగా నప్పగించిపోవలెను. వచ్చినవారు పాతవారి పని యని దానిని మూలబెట్టరాదు. మహాజనసభలో సభ్యులు ఈ రెంటిని అడిగి తెలిసికొనుట అవసరము.