ఇంజను భాగాలకు వేడిని తట్టుకునే రంగు: ఎంపికలో గమనించవలసిన అంశాలు

గచ్చిబౌలి కూడలిలో సాయంత్రం వేళ నిలిచిపోయిన కారుకు, నాట్లకు ముందు మడిలో దమ్ము చేస్తున్న ట్రాక్టరుకు ఒక పోలిక ఉన్నది. రెండింటిలోనూ ఇంజను నడుస్తూనే ఉంటుంది గాని, వేగం వలన లభించవలసిన ఎదురుగాలి లభించదు. వేడిని తొలగించే భారం చాలావరకు ఫ్యాను మీదనే పడుతుంది. వానాకాలంలో ఒకచోట రోడ్డు మీది నీరు, మరొకచోట మడిలోని బురద కాలుతున్న భాగాలపై చిమ్ముతాయి. ఇలా వేడి, తడి మార్చి మార్చి తగలడం వలన రంగు ఊడి, లోహం తుప్పు పడుతుంది. సైలెన్సర్ గొట్టానికి చిల్లు పడితే వేడి వాయువులు, నిప్పురవ్వలు పక్కలకు వెలువడతాయి. ఎండిన వరిగడ్డి మధ్య తిరిగే యంత్రానికి ఇది అగ్నిప్రమాద హేతువు. కనుక రంగు ఎంపికను అలంకరణగా మాత్రమే భావించరాదు.

భాగాన్ని బట్టి ఉష్ణోగ్రత

ఇంజను మొత్తానికి ఒకే డబ్బాలోని రంగు వేయడం సాధారణంగా జరిగే పొరపాటు. సిలిండర్ బ్లాకు, ఆయిల్ సంపు, వాల్వ్ కవరు బయటి ఉపరితలాలు సుమారు 90 నుండి 120 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కుతాయి. బరువు లాగుతున్న డీజిల్ ఇంజనులో ఎగ్జాస్ట్ మానిఫోల్డు 400 నుండి 600 డిగ్రీలకు చేరగలదు. పెట్రోలు కార్లలో ఇది మరింత ఎక్కువ. సైలెన్సర్ ఉష్ణోగ్రత మానిఫోల్డు నుండి దూరమయ్యే కొద్దీ తగ్గుతుంది. అందువలన రంగును ఇంజను పేరును బట్టి గాక, భాగపు ఉష్ణోగ్రతను బట్టి నిర్ణయించాలి.

రంగులోని బంధక పదార్థం

రంగు వేడిని తట్టుకునే శక్తి ప్రధానంగా దానిలోని రెసిన్‌పై ఆధారపడుతుంది. తలుపులకు, గేట్లకు వేసే ఆల్కిడ్ ఎనామెల్ సుమారు 100 డిగ్రీలు దాటితే పసుపెక్కి, పెళుసుబారుతుంది. ఇంజను ఎనామెల్ పేరుతో లభించే రంగులు, రకాన్ని బట్టి, 150 నుండి 250 డిగ్రీల వరకు పనికివస్తాయి. ఇవి బ్లాకుకు, కవర్లకు చాలును. మానిఫోల్డుకు, సైలెన్సరుకు సిలికోన్ రెసిన్‌లో అల్యూమినియం రేకుపొడి కలిపిన రంగు కావాలి. ఇది 500 నుండి 600 డిగ్రీల వరకు నిలుస్తుంది. సిలికాన్, ఆక్సిజన్‌ల మధ్య బంధం కార్బన్‌ల మధ్య బంధం కంటె బలమైనది. తీవ్రమైన వేడికి రెసిన్‌లోని కర్బన భాగం కాలిపోయినను, మిగిలిన సిలికా చట్రం అల్యూమినియం రేకులను లోహానికి పట్టి ఉంచుతుంది.

వెండిరంగులో ఉన్న ప్రతి పెయింటూ వేడిని తట్టుకుంటుందని అనుకోరాదు. సాధారణ అల్యూమినియం పెయింటులోనూ అదే మెరుపు ఉంటుంది గాని, బంధక పదార్థం వేరు. డబ్బాపై రెసిన్ పేరు, నిరంతరం తట్టుకునే ఉష్ణోగ్రత చూడాలి. కొద్దిసేపు మాత్రమే తట్టుకునే గరిష్ఠ అంకెను ఆధారంగా తీసుకోరాదు. 600 డిగ్రీలు మించే భాగాలకు బ్రష్‌తో వేసే రంగుల కంటె సిరామిక్ పూతలు మేలు. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో ఉపరితల పూతలపై పరిశోధనలు జరుగుతున్నవి.

కొలతలో మెలకువ

రంగు కొనడానికి ముందు భాగపు ఉష్ణోగ్రతను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలవవచ్చును. అయితే మెరిసే లోహం, అల్యూమినియం రంగు ఉష్ణ వికిరణాన్ని తక్కువగా వెలువరిస్తాయి. 0.95 వద్ద అమర్చిన థర్మామీటరు వాటిపై అసలు ఉష్ణోగ్రత కంటె తక్కువ చూపుతుంది. ఆ అంకెను నమ్మి తక్కువ స్థాయి రంగు కొంటే అది మొదటి దుక్కిలోనే పొక్కుతుంది. కొలిచే చోట వేడిని తట్టుకునే మెరుపులేని నలుపు రంగు చిన్న చుక్కగా వేసి, ఇంజను పూర్తి బరువుతో నడిచిన తరువాత ఆ చుక్కపైనే కొలవాలి.

వేసే విధానం

మంచి రంగు కూడ చెడ్డ ఉపరితలంపై నిలువదు. నూనెను ద్రావకంతో తుడిచి, తుప్పును వైర్ బ్రష్‌తోనో, వీలైతే ఇసుక పిచికారీతోనో పూర్తిగా తొలగించాలి. పాత రంగులలో సీసం ఉండవచ్చును గనుక గీకేటప్పుడు మాస్కు ధరించాలి. గృహ, అలంకరణ రంగులలో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన 2016 నాటి నిబంధనలు పారిశ్రామిక రంగులకు వర్తించవు.

సిలికోన్ అల్యూమినియం రంగు కింద సాధారణ ప్రైమరు వేయరాదు. వేడికి ప్రైమరు కాలి, పైపూతను కూడ ఊడదీస్తుంది. పూత పలుచగా ఉండాలి. ఒక్కొక్క పొర 20 నుండి 25 మైక్రాన్లు చాలును. మందంగా వేస్తే లోపలి ద్రావకం వెలుపలికి రాలేక పొక్కులు లేస్తాయి. అల్యూమినియం పోత ఇనుము కంటె సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కనుక అల్యూమినియం హెడ్డుపై మందపు పూత త్వరగా పగులుతుంది.

ఈ రంగు వేడితోనే గట్టిపడుతుంది. అనేక రకాలకు సుమారు 200 డిగ్రీల వేడి అవసరం. ఆరిన వెంటనే దుక్కికి పంపక, ఇంజనును మొదట కొద్ది నిమిషాలు బరువు లేకుండా నడిపి చల్లారనిచ్చి, మరికొంతసేపు నడిపి మరల చల్లారనిచ్చి, క్రమంగా బరువు పెంచాలి. పొగ వెలువడుతుంది కనుక ఈ పనిని ఆరుబయట చేయాలి.

గాస్కెట్ ఆనే ముఖాలకు, రబ్బరు గొట్టాలకు, సెన్సార్లకు, ఎర్త్ తీగ బిగించే చోటుకు రంగు వేయరాదు. రేడియేటరు రెక్కలపై మందపు రంగు పడితే గాలిదారి మూసుకొని, ఇంజను మరింత వేడెక్కుతుంది.

ముగింపు

రంగు లోహాన్ని తుప్పు నుండి కాపాడుతుంది గాని, దాని వేడిని చెప్పుకోదగినంతగా తగ్గించదు. ఎండిన గడ్డి 300 డిగ్రీల లోపే అంటుకోగలదు. కొత్తగా రంగు వేసిన మానిఫోల్డుపై పొట్టు పేరుకున్నను ప్రమాదం ప్రమాదమే. కావున అద్దె యంత్ర కేంద్రాలలో, కృషి విజ్ఞాన కేంద్రాలలో రైతులకు శిక్షణ ఇచ్చునపుడు రంగు ఎంపికతో పాటు మూడు అలవాట్లు నేర్పడం అవసరం: ప్రతిరోజు పొట్టు దులపడం, సీజనుకు ముందు సైలెన్సరుకు చిల్లులున్నవేమో పరీక్షించడం, చిల్లు పడిన గొట్టాన్ని రంగుతో కప్పక మార్చడం.