గోడ మీద తాత ఫొటోకి రెడ్ అలర్ట్: ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ ఎగ్జామ్‌కి ప్రాక్టరింగ్ ఎలా సెట్ చేయాలి?

ఊళ్లో ఎవరికైనా ఆన్‌లైన్ టెస్ట్ పెట్టాల్సొస్తే ముందు ఎవరు గుర్తొస్తారు? టెక్ తెలిసిన పిల్లోడు. అంటే ఈ ఆర్టికల్ చదువుతున్న మీరే. "మాక్ టెస్ట్ ఇంటి నుంచే రాస్తరు, కాపీ కొట్టకుండ కెమెరా పెట్టు తమ్మీ" అని కోచింగ్ సెంటర్ సార్ అంటాడు. మీరు ఓ సర్వర్ తీసుకుని మూడిల్ ఎక్కించి, ప్రాక్టరింగ్ టూల్ తగిలించి, సెట్టింగ్స్ అన్నీ డీఫాల్ట్‌లో వదిలేసి హాయిగా పడుకుంటారు.

నేనూ సరిగ్గా అదే చేశాను. జగిత్యాలలో ఓ కోచింగ్ సెంటర్. రాసేవాళ్లలో కొందరు టౌన్‌లోనే ఉంటారు, కొందరు కోరుట్ల నుంచి, ఇంకొందరు సిరిసిల్ల నుంచి. టెస్ట్ అయిపోగానే టూల్ ఒక లిస్ట్ ఇచ్చింది. ఎక్కువ అలర్ట్‌లు వచ్చినవాళ్లు పైన, తక్కువ వచ్చినవాళ్లు కింద. టాప్‌లో కోరుట్ల అమ్మాయి. పేరు పక్కన "రెండో వ్యక్తి కనిపించారు" అని వరసపెట్టి ఎర్ర గుర్తులు. సార్ ఫొటోలు తెరవలేదు. నేరుగా ఇంటికి ఫోన్ చేసి, మార్కులు కొట్టేస్తున్నానని చెప్పేశారు.

సాయంత్రం నేను ఆ ఫొటోలు ఓపెన్ చేసి చూస్తే, అమ్మాయి వెనక గోడకి దండ వేసి ఉన్న తాత ఫొటో. ఆ రెండో వ్యక్తి ఆయనే! మార్కులు తిరిగి వేశారు, నేను సారీ చెప్పాను. కానీ అప్పటికే ఆ సంగతి దుబాయ్‌లో ఉన్న వాళ్ల నాన్న దాకా వెళ్లిపోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, టూల్‌ది కూడా పూర్తిగా కాదు. సెట్టింగ్స్ పేజీని ఒక్కసారైనా కిందిదాకా స్క్రోల్ చేయని నాది.

99 శాతం కరెక్ట్ అంటే ఎంత కరెక్ట్?

ఇలాంటి టూల్స్ చూసేవి దాదాపు ఒకటే: ముఖం కనబడుతోందా, రెండో ముఖం ఉందా, చూపు స్క్రీన్ మీదే ఉందా, గదిలో మాటలు వినిపిస్తున్నాయా, ట్యాబ్ మారిందా, నెట్ తెగిందా. ఇందులో ఏది జరిగినా ఒక అలర్ట్. అలర్ట్ అంటే "ఇక్కడ ఒకసారి చూడండి" అని మాత్రమే. కానీ ఎర్ర రంగులో కనిపించేసరికి మనకి అది తీర్పులా అనిపిస్తుంది.

చిన్న లెక్క వేద్దాం. వెబ్‌క్యామ్ 30 సెకన్లకి ఒక ఫొటో తీస్తోందనుకోండి. గంట పరీక్షకి 120 ఫొటోలు. టూల్ నూటికి ఒక్క ఫొటోలోనే పొరబడుతుందనుకుందాం. 99 శాతం యాక్యురసీ, బాక్స్ మీద చూస్తే అదిరిపోయే నంబర్. కానీ ఏ తప్పూ చేయని స్టూడెంట్ 120 ఫొటోల్లో ఒక్క అలర్ట్ కూడా లేకుండా బయటపడాలంటే, 0.99ని 120 సార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.30. అంటే నిజాయితీగా రాసిన 100 మందిలో దాదాపు 70 మందికి కనీసం ఒక అలర్ట్ వస్తుంది!

సరే, "వరుసగా మూడు ఫొటోల్లో కనబడితేనే అలర్ట్ ఇవ్వు" అని పెడితే? కాగితం మీద ఒక్కో మూడు ఫొటోల వరసకి తప్పుడు అలర్ట్ వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటికి పడిపోతుంది. అలర్ట్‌ల వరద నిజంగానే తగ్గుతుంది కూడా. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ లెక్క ప్రతి తప్పూ విడిగా జరుగుతుందనుకుంటుంది. నిజం ఇంట్లో అలా జరగదు. బల్బు డిమ్‌గా ఉంటే 120 ఫొటోల్లోనూ డిమ్‌గానే ఉంటుంది, గోడ మీద తాత 120 ఫొటోల్లోనూ కదలకుండా ఉంటాడు. అందుకే తప్పుడు అలర్ట్‌లు అందరికీ తలా ఒకటి పడవు. మంచి లైటు, ఖాళీ గోడ, సొంత గది ఉన్నవాళ్లకి ఒక్కటీ రాదు, లేనివాళ్ల మీద గుట్టగా పడతాయి. మొత్తం కూడి "అనుమానం స్కోర్" ఇచ్చే టూల్ చివరికి కొలిచేది ఎవరి ఇల్లు ఎలాంటిదో.

ఇది మన దగ్గరి సంగతే కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక నల్లజాతి విద్యార్థిని తన ముఖాన్ని సాఫ్ట్‌వేర్ గుర్తించట్లేదని, పరీక్షంతా ముఖం మీద లైటు వేసుకుని కూర్చోవాల్సి వచ్చిందని నెదర్లాండ్స్ మానవ హక్కుల సంస్థకి ఫిర్యాదు చేసింది. 2023లో వచ్చిన చివరి నిర్ణయం వివక్ష రుజువు కాలేదని చెప్పింది, కానీ యూనివర్సిటీ ఆమె ఫిర్యాదుని సరిగ్గా పట్టించుకోలేదని కూడా తప్పుపట్టింది. ఇక ఈ రంగంలో పెద్ద పేరైన అమెరికన్ కంపెనీ ప్రాక్టర్‌యూ, మనిషి ప్రమేయం లేకుండా ఏఐ ఒక్కదాని మీదే నడిచే సర్వీస్‌ని అమ్మడం ఆపేస్తున్నట్టు 2021 మేలో ప్రకటించింది. ఏఐ అనుమానించిన సెషన్లలో కాలేజీలు తెరిచి చూస్తున్నది 11 శాతమేనని అప్పుడు చెప్పింది. మా సార్ ఒక్కడే అనుకున్నా, ప్రపంచమంతా అంతే!

మన ఇళ్లు, మన చప్పుళ్లు

కోరుట్ల, మెట్‌పల్లి వైపు చాలా ఇళ్లలో ముందు గదిలోనే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. పరీక్ష రాసే అమ్మాయి వెనక అమ్మ, పక్కింటి పెద్దమ్మ కూర్చుని ఉండటం అక్కడ మామూలు. ఇంట్లో ఒకరైనా గల్ఫ్‌లో ఉంటే వాట్సాప్ కాల్ ఎప్పుడైనా రావచ్చు. ఆండ్రాయిడ్‌లో కాల్ స్క్రీన్ ఎక్స్‌పాండ్ అయిందంటే బ్రౌజర్ వెనక్కి పోతుంది, టూల్‌కి అది "ట్యాబ్ మార్చారు" అన్నట్టే.

సిరిసిల్లలో సౌండ్ అలర్ట్ పెట్టడం అయితే పెద్ద జోక్. మరమగ్గాల, అక్కడివాళ్ల మాటలో సాంచాల, షెడ్డు పక్కన ఇల్లుంటే గదిలో ఫోన్ మైక్‌కి అదే పనిగా టకటక. శబ్దం ఇంత దాటితే అలర్ట్ ఇవ్వు అని పెట్టారంటే మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఎరుపే. తమాషా ఏంటంటే, కరెంటు పోయినప్పుడు సాంచాలు ఆగి ఇల్లు నిశ్శబ్దం అవుతుంది. అదే క్షణంలో రౌటర్ కూడా ఆగిపోతుంది. అంటే గదిలో పరీక్షకి సరైన వాతావరణం వచ్చేసరికి స్టూడెంట్ ఆఫ్‌లైన్!

జగిత్యాలలో రూమ్ తీసుకుని చదువుకునేవాళ్లది వేరే కథ. ఒక గదిలో ముగ్గురు, ఒక మంచం, ఒక ప్లగ్ పాయింట్. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీలో సగం మంది అలాంటి గదిలోనే దీన్ని చదువుతుంటారు.

"ఇల్లు ఎగ్జామ్ హాల్ అవుతుందా" అనే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020లో కరోనా టైంలో బెంగళూరు నేషనల్ లా స్కూల్, క్లాట్ నుంచి బయటికొచ్చి ఎన్‌లాట్ పేరుతో ఇంటి నుంచే రాసే సొంత ప్రవేశ పరీక్ష పెట్టింది. సెప్టెంబర్ 12న పరీక్ష, సాంకేతిక ఇబ్బందులు పడ్డవాళ్లకి 14న మళ్లీ. సెప్టెంబర్ 21న కోర్టు ఆ నోటిఫికేషన్‌నే కొట్టేసింది. అంత తక్కువ టైమ్ ఇచ్చి ఇంటి నుంచి పరీక్ష పెడితే చాలామంది అవకాశం కోల్పోతారని, పారదర్శకత కూడా నిలవదని తేల్చింది. సీటు నిర్ణయించే పరీక్ష అయితే నా ఓటు కూడా సెంటర్‌కే. మాక్ టెస్ట్, క్లబ్ సెలక్షన్, ఇంటర్నల్ క్విజ్ లాంటివాటికి మాత్రం ఇంటి పద్ధతి పనికొస్తుంది, సెట్టింగ్స్ మీద కాస్త టైమ్ పెడితే.

నేను ఇప్పుడు పెడుతున్న సెట్టింగ్స్

ముందు వీడియో ఆపేయండి. 512 కేబీపీఎస్‌తో గంటసేపు అప్‌లోడ్ చేస్తే దాదాపు 230 ఎంబీ. అదే 30 సెకన్లకో ఫొటో అయితే, ఒక్కోటి 50 కేబీ అనుకున్నా మొత్తం 6 ఎంబీ. మొబైల్ డేటా మీద రాసేవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది.

చూపు ఎటుందో చూసే అలర్ట్ పూర్తిగా ఆఫ్. లెక్కలు చేసేవాడు రఫ్ పేపర్ వైపు చూడక ఎటు చూస్తాడు? ముఖం కనిపించకపోతే మొదటి ఫొటోకి స్టూడెంట్‌కే చిన్న మెసేజ్: "ముఖం కనబడట్లేదు, ఫోన్ సరిచేసుకోండి." వరుసగా మూడు అయితేనే ఇన్విజిలేటర్‌కి. ఈ ఒక్క మార్పుతోనే సగం గోల పోతుంది, ఎందుకంటే చాలాసార్లు ఫోన్ జారి పక్కకి ఒరిగి ఉంటుంది, అంతే.

రెండో ముఖం విషయంలో పరీక్ష మొదలయ్యే ముందే ఒక టెస్ట్ ఫొటో తీయించండి. అందులోనే ఇద్దరు కనిపిస్తే అప్పుడే చెప్పి కుర్చీ తిప్పించొచ్చు, ఫొటో ఫ్రేమ్ అయితే నోట్ చేసుకోవచ్చు. దేవుడి క్యాలెండర్లు, సినిమా పోస్టర్లు కూడా ఈ లిస్ట్‌లోకే వస్తాయి. సౌండ్‌కి ఫిక్స్‌డ్ లిమిట్ వద్దు. మొదటి అర నిమిషం గది చప్పుడు రికార్డ్ చేసి దానితో పోల్చే ఆప్షన్ ఉంటే వాడండి, లేకపోతే అలర్ట్ ఆఫ్ చేసేయండి. ట్యాబ్ మారితే ఎన్నిసార్లు అని కాదు, ఎంతసేపు అని చూడండి. ఐదు సెకన్లలోపైతే లాగ్‌లో ఉంటే చాలు. టెస్ట్‌కి ముందు డూ నాట్ డిస్టర్బ్ ఆన్ చేసుకోమని వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టండి.

నెట్ తెగడాన్ని అనుమానం లిస్ట్‌లోంచే తీసేయాలి. దాన్ని వేరే కాలమ్‌లో, వేరే రంగులో పెట్టండి. మూడిల్ క్విజ్‌లో ఆన్సర్లు డీఫాల్ట్‌గా నిమిషానికోసారి ఆటోసేవ్ అవుతాయి. యూజర్ ఓవర్‌రైడ్ అనే ఆప్షన్‌తో ఒక్కరికే అదనపు టైమ్ ఇవ్వొచ్చు. ఈ రెండూ తెలియక "మళ్లీ మొదటి నుంచి రాయి" అన్నవాళ్లని చాలామందిని చూశాను.

సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ గురించి కూడా అడుగుతుంటారు. ఫ్రీ, ఓపెన్ సోర్స్, మూడిల్ 3.9 నుంచి క్విజ్ సెట్టింగ్స్‌లోనే దాని సపోర్ట్ ఉంది. కానీ విండోస్, మ్యాక్, ఐప్యాడ్, ఐఫోన్‌ల మీదే పనిచేస్తుంది, ఆండ్రాయిడ్‌కి లేదు. తప్పనిసరి చేశారంటే లాప్‌టాప్ లేని పిల్లలు అక్కడే ఔట్. దానికన్నా క్వశ్చన్ బ్యాంక్ పెద్దది చేసి ఒక్కొక్కరికి వేరే ప్రశ్నలు వచ్చేలా ర్యాండమ్ చేయడం ఎక్కువ పనిచేస్తుంది. బోరింగ్ పనే, ఒక ఆదివారం పోతుంది.

చివరిగా టోటల్ స్కోర్ ఆఫ్ చేసి, రిపోర్ట్‌లో పేర్లకి ముందు ఫొటోలు కనబడేలా పెట్టండి. ఫొటో తెరిచి చూడకుండా ఎవరికీ ఫోన్ చేయొద్దని సార్‌తో ముందే ఒప్పించుకోండి. రిజల్ట్ వచ్చి, అభ్యంతరాల గడువు అయ్యాక ఫొటోలన్నీ డిలీట్ చేయాలి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం లెక్కలో 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, డేటాకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇంటర్ పిల్లల ఫొటోలు మీ గూగుల్ డ్రైవ్‌లో పడి ఉండటం మంచిది కాదు.

రాసేది మీరైతే?

డ్యులింగో ఇంగ్లిష్ టెస్ట్, ఇంటి నుంచి రాసే జీఆర్‌ఈ లాంటివాటిలో సెట్టింగ్స్ మన చేతిలో ఉండవు. డ్యులింగోలో గదిలో ఇంకెవరూ ఉండకూడదు, హెడ్‌ఫోన్స్ వద్దు. జీఆర్‌ఈలో కెమెరాతో గది మొత్తం చూపించాలి, మామూలు రఫ్ పేపర్ కుదరదు, చెరిపేసే వైట్‌బోర్డ్ లాంటిది కావాలి. కాబట్టి డబ్బు కట్టే ముందే గోడ ఖాళీ చేసి, లైటు ముఖానికి ఎదురుగా పెట్టి, ఫోన్ హాట్‌స్పాట్ రెడీగా ఉంచుకోండి. ఇంట్లో వీలుకాకపోతే ఫ్రెండ్ గది అడగండి, మొహమాటపడొద్దు.

మా కోచింగ్ సెంటర్‌లో రెండో మాక్ కొత్త సెట్టింగ్స్‌తో పెట్టాం. మధ్యలో సిరిసిల్ల కుర్రాడొకడు గ్రే కాలమ్‌లోకి పోయాడు, నెట్ కట్. కరెంటు పోయిందని గ్రూప్‌లో వాళ్ల అన్న మెసేజ్ పెట్టాడు. హాట్‌స్పాట్ మీద తిరిగి వచ్చేసరికి అతను రాసినవన్నీ సేవ్ అయి ఉన్నాయి, పోయిన నిమిషాలు ఓవర్‌రైడ్‌లో కలిపాను. కోరుట్ల అమ్మాయి టెస్ట్ ఫొటోలో తాత మళ్లీ కనిపించాడు. ఈసారి కుర్చీ తిప్పుకోమని చెప్పబోతే, "ఆయన్ను చూసుకుంటూనే రాస్త అన్నా" అని ఫొటోకి ఎదురుగా కూర్చుంది.